పడుకునే ముందు రాసుకునే డైరీ: 90 రాత్రులు వాడాక నా అభిప్రాయం

ముందుగా, కొనాలా వద్దా అన్న ఒక్క మాట కోసం చూసేవాళ్లకు: పక్క మీద వాలగానే బుర్రలో లెక్కలు తిరిగే మనిషైతే కొనుక్కోండి, డబ్బు వృథా కాదు. కానీ అందులో అచ్చేసిన వరుసలో మాత్రం రాయకండి. ఆ వరుస పట్టుకుని నేను మూడు వారాలు నిద్ర చెడగొట్టుకున్నాను, దాన్ని తిరగేశాకే ఈ డైరీ నాకు పనికొచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి నైట్ జర్నల్స్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో చాలా దొరుకుతున్నాయి, కొనేముందు నేను చూసినవాటిలో లోపలి పేజీలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, కాబట్టి నేను చెప్పేది ఏ డైరీ కొన్నా మీకు పనికొస్తుంది.

నాది గుంటూరు కొత్తపేటలో మెడికల్ షాపు. చుట్టూ ఆసుపత్రులే, రాత్రి 10 దాటితే గానీ షట్టర్ దించడం కుదరదు, ఇంటికొచ్చి స్నానం చేసి రెండు ముద్దలు తినేసరికి 11. అప్పటికి ఒళ్లంతా అలిసిపోయి ఉంటుంది, నిద్ర మాత్రం రాదు. ఏ స్టాకిస్టుకి, అంటే మాకు మందులు టోకున ఇచ్చే వ్యాపారికి, ఇచ్చిన చెక్కు రేపు బ్యాంకుకు వెళ్తుంది, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్ట్రిప్పులు వెనక్కి పంపించానా లేదా, వెనక సందులో ఆయన ఖాతా ఎంతకు చేరింది, అమ్మాయి కాలేజీ ఫీజు రెండో వాయిదా ఎప్పుడు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఒంటిగంట అయ్యేది, ఒక్కోసారి రెండు. మధ్యలో ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఇంకో అరగంట పోయేది.

మందుల షాపు నడిపేవాడికి నిద్రమాత్ర చెయ్యి చాపితే అందుతుంది. అందుకే నాకు దానంటే భయం ఎక్కువ. ఆల్ప్రజోలం, జోల్పిడెం లాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉన్నాయి, 2014 మార్చి నుంచి వాటికి విడిగా రిజిస్టరు పెట్టి, చీటీ రాసిన డాక్టరు పేరు, వాడే మనిషి పేరు, ఏ మందు ఎంత ఇచ్చామన్నది రాసి 3 ఏళ్లు దాచాలి. మా షాపులో ఆ రిజిస్టరు రాసేది నేనే. నాలుగు రోజులకని మొదలుపెట్టిన మాత్రను ఏళ్ల తరబడి మానలేకపోయినవాళ్ల బాధ కౌంటరు ఇవతల నిలబడి చూస్తూనే ఉన్నాను. డాక్టరు అవసరమని రాస్తే వేసుకోవాల్సిందే, అందులో తప్పు లేదు. నా సంగతి అది కాదని, షాపు మూశాక కూడా రోజు మూతపడటం లేదని, అంతేనని నాకు అనిపించేది. మా అమ్మాయి ఈ డైరీ చూపించి, “నాన్నా, షాపుని ఇందులో పెట్టేసి పడుకో” అంది. 649 రూపాయలు పెట్టి తెప్పించాను.

వస్తువు బాగుంది. ఏ5 సైజు, గట్టి అట్ట, కుట్టు బైండింగ్, పేజీ గుర్తుకు రిబ్బను. కాగితం మందంగా ఉంది, ఇంకు పెన్నుతో రాసినా వెనక్కి దిగలేదు. మొదటి రెండు వారాలు పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, ఒక చేత్తో నొక్కిపట్టి రాయాలి, తర్వాత అదే సర్దుకుంటుంది. తేదీలు అచ్చేసి లేకపోవడం నాకు బాగా నచ్చింది. మొత్తం 180 పేజీలు, రాత్రికి రెండు పేజీల చొప్పున 90 రాత్రులకు వస్తుంది. పెళ్లిళ్లకు వెళ్లిన రాత్రులు, జ్వరం వచ్చిన రాత్రులు వదిలేయగా నాకు దాదాపు నాలుగు నెలలు వచ్చింది. తేదీలు ఉండి ఉంటే ఆ ఖాళీ పేజీలు చూసినప్పుడల్లా మనసు గుంజేది, బహుశా మధ్యలోనే మానేసేవాణ్ని.

ఎడమ పేజీలో పైన చిన్న గడి, ఈ రోజు ఆఖరి టీ లేదా కాఫీ ఎన్నింటికి తాగారు అని. దీన్ని తీసిపారేయకండి. వారం రోజులు రాశాక చూసుకుంటే అన్నిట్లోనూ 8.45, 9, 9.10 ఉన్నాయి. రాత్రి రద్దీ తగ్గాక పక్క బడ్డీ నుంచి టీ తెప్పించుకోవడం ఎన్నేళ్ల అలవాటో నాకే తెలియదు. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి చాలామందికి 5, 6 గంటలు పడుతుంది. అంటే 9కి తాగిన టీలో సగం నేను అర్ధరాత్రి దాటి పక్క మీద దొర్లుతున్నప్పుడు కూడా నాతోనే ఉన్నట్టు. ఈ సంగతి చదువుకున్నవాణ్ని, పది మందికి చెప్పేవాణ్ని, నా కప్పు దగ్గరికి వచ్చేసరికి కనబడలేదు. ఇప్పుడు ఆఖరి టీ 5.30కి.

దాని కింద ఐదు మొహాల బొమ్మలు, ఈ రోజు ఎలా ఉందో ఒకదాని చుట్టూ సున్నా చుట్టమని. వాటివల్ల నాకేమీ ఉపయోగం కనబడలేదు, వారం తర్వాత వదిలేశాను.

తర్వాత కృతజ్ఞతల గడులు మూడు. ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. రోజూ మూడు రాయాలంటే మనిషి మొక్కుబడిగా రాస్తాడు. నేను వరుసగా తొమ్మిది రాత్రులు అమ్మ ఆరోగ్యం, పిల్ల చదువు, షాపు బాగా నడవడం అని రాశాను. రాస్తున్నప్పుడు మనసులో ఏమీ కదలలేదు. ఒక రాత్రి మాత్రం, గోంగూర పచ్చడిలోకి మా ఆవిడ ఉల్లిపాయ ముక్కలు పక్కన విడిగా పెట్టి, నేను ఆలస్యంగా వస్తానని వాటి మీద మూత పెట్టి ఉంచింది, ఆ సంగతి రాశాను. ఒక్క వాక్యం. అది రాశాక కాసేపు పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నాను. అప్పటినుంచి మూడు గడులూ కలిపేసి ఒక్కటే రాస్తున్నాను, ఆ రోజుదే అయ్యుండాలి, నిన్న రాయడానికి వీల్లేనిదై ఉండాలి.

ఎడమ పేజీలో ఆఖరుది రేపటి పనులు. ఈ డైరీ మొత్తంలో నా డబ్బు తిరిగొచ్చింది ఇక్కడే. అమెరికాలో టెక్సస్‌లోని బేలర్ యూనివర్సిటీ వాళ్లు 2018లో అచ్చువేసిన ఒక పరిశోధన ఉంది. 57 మంది కుర్రవయసువాళ్లను నిద్రను కొలిచే ల్యాబులో పడుకోబెట్టి, పడుకునే ముందు 5 నిమిషాలు కొందరిచేత రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు, మిగతావాళ్లచేత అయిపోయిన పనులు రాయించారు. చేయాల్సినవి రాసినవాళ్లకు సగటున 9 నిమిషాల ముందు నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది కూడా. 9 నిమిషాలేగా అనుకోవచ్చు, పక్క మీద ఒంటిగంట దాకా దొర్లినవాళ్లకు తెలుస్తుంది ఆ 9 నిమిషాలంటే ఏంటో. నా అనుభవంలో కూడా వివరంగా రాయడంలోనే ఉంది అంతా. “స్టాకిస్టు సంగతి చూడాలి” అని రాస్తే ఆ సంగతి నాతోపాటే పక్క మీదకు వచ్చేది. “పొద్దున 10.30కి ఫోన్ చేసి చెక్కు గురువారం వేయమని అడగాలి, బిల్లు పసుపు ఫైల్లో ఉంది” అని రాస్తే రాలేదు. బిల్లు ఎక్కడుందో కూడా కాగితానికి అప్పజెప్పాక ఇక బుర్ర మోయాల్సిందేమీ మిగల్లేదు. అచ్చేసినవాళ్లు దీనికి మూడే గీతలు ఇచ్చారు, అది మాత్రం పెద్ద లోపం. మొహాల బొమ్మలు తీసేసి ఆ చోటు దీనికి ఇచ్చుంటే ఎంతో బాగుండేది.

ఇక కుడి పేజీ. పైన ఒక ప్రశ్న, కింద పేజీ అంతా గీతలు, చివర చిన్న చందమామ బొమ్మ, ఇక దీపం ఆర్పండి అని. ప్రశ్నలు ఏడు ఉన్నాయి, అవే వారంవారం తిరిగి వస్తాయి. వాటిలో “ఈ రోజు మళ్లీ పొద్దుటి నుంచి మొదలైతే ఏం మార్చుకుంటారు?” అన్నదాని గురించి చెప్పాలి.

మా షాపులో ఒక కుర్రాడు పనిచేస్తాడు, మంచివాడు, వచ్చి ఆరు నెలలైంది. ఒకరోజు ఒక పెద్దాయనకు బీపీ మాత్ర టెల్మిసార్టాన్ 40 ఇవ్వాల్సిన చోట 80 స్ట్రిప్పు కవర్లో వేశాడు. బిల్లు కొడుతూ నేనే చూసి ఆపాను, ఆ పెద్దాయన చేతికి వెళ్లలేదు. కానీ అక్కడే, ఎనిమిది మంది నిలబడి ఉండగా, ఆ కుర్రాణ్ని నానా మాటలూ అన్నాను. బీపీ మాత్ర డబుల్ డోసు అంటే ఎంత ప్రమాదమో చెప్పడం నా బాధ్యత, అది నిజం. వాళ్ల ఊరు, వాళ్ల చదువు ఎత్తి అనడం బాధ్యత కాదు. మధ్యాహ్నం వాడు అన్నం క్యారేజీ విప్పలేదు, నేను చూసి కూడా చూడనట్టు ఉండిపోయాను. ఆ రాత్రి ఈ ప్రశ్న వచ్చింది. పేజీ నిండిపోయింది, కింద చందమామ మీద కూడా రాశాను. ఆ తర్వాత, అచ్చేసినట్టే, దీపం ఆర్పి పడుకున్నాను. పొద్దున 4 దాకా కళ్లు మూతపడలేదు. చీకట్లో ఆ కుర్రాడి మొహం, మూత తీయని క్యారేజీ.

ఇదీ నేను మొదట చెప్పిన వరుస సంగతి. ప్రశ్న మంచిదే. అది అడగబట్టే మర్నాడు షాపు తీయగానే వాణ్ని పిలిచి, నిన్న అలా అనకుండా ఉండాల్సింది అని చెప్పగలిగాను. వాడు తల వంచుకుని “పర్లేదు సార్” అన్నాడు, మధ్యాహ్నం ఇద్దరం కలిసి తిన్నాం. ఒకేలా కనబడే స్ట్రిప్పులను వేరే అరల్లోకి మార్చింది కూడా ఆ రోజే. కానీ రోజులో అన్నిటికంటే బరువైన ప్రశ్నను అన్నిటికంటే ఆఖరున పెట్టి, వెంటనే దీపం ఆర్పమంటే ఎలా? గాయం విప్పి, కడిగి, కట్టు కట్టకుండా ఇంటికి పంపినట్టే కదా. ఇలా మూడు వారాలు, ఆ ప్రశ్నో అలాంటి ఇంకోటో వచ్చిన రాత్రల్లా నిద్ర ఇంకా చెడింది. మానేద్దామనుకున్నాను.

అమ్మకు ఈ సంగతి చెబితే ఆవిడ తిరుమల సంగతి ఎత్తింది. పొద్దున కొలువులో స్వామికి పంచాంగం వినిపించి, ముందురోజు ఆదాయం ఎంతొచ్చిందో లెక్క అప్పజెబుతారు. రాత్రి ఆఖరున ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తిని మంచం మీద పవళింపజేసి, పాలు, పళ్లు నివేదన చేస్తారు, తాళ్లపాక అన్నమయ్య వంశం వాళ్లు లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరుతో ముత్యాల హారతి ఇస్తారు. “లెక్కలు ఆయనకే పొద్దున చెబుతార్రా, నిద్రపుచ్చేటప్పుడు ఎవరైనా లెక్కలు చెబుతారా?” అంది అమ్మ. చిన్నప్పటినుంచి వింటున్న సంగతే, నా రాత్రికి దాన్ని ఎప్పుడూ ముడిపెట్టుకోలేదు. అమ్మ పడుకునే ముందు చేసేది కూడా గమనించాను. మొదట చేతులతో, కాళ్లతో, మాటతో, మనసుతో చేసిన తప్పులు మన్నించమని దండం పెట్టుకుంటుంది. ఆ తర్వాతే హనుమంతుడు, గరుత్మంతుడు, భీముడు, కుమారస్వామి పేర్లు వచ్చే శ్లోకం చదువుకుంటుంది, పీడకలలు రావని. తప్పులు ముందు, ధైర్యం వెనక. 78 ఏళ్ల మనిషి, ఐదు నిమిషాల్లో నిద్రపోతుంది.

అప్పుడు మార్చాను. రోజు కలెక్షన్ లెక్క, క్యాష్ టాలీ ఇంటికి తేవడం మానేసి షట్టర్ సగం దించి షాపులోనే ముగిస్తున్నాను, కుదరకపోతే పొద్దున. ఇంట్లో 11.15కి హాల్లో బల్ల దగ్గర కూర్చుంటాను, పక్క మీద కాదు, పెద్ద ట్యూబ్‌లైటు తీసేసి పసుపు బల్బు ఒక్కటే. ముందు కుడి పేజీ, ఆ ప్రశ్న. దాని కింద నేనే ఒక గీత గీసి, దీనికి రేపు చేయగలిగేది ఏమైనా ఉందా అని రాస్తాను. ఉంటే అది రేపటి పనుల్లోకి వెళ్తుంది, లేకపోతే లేదని రాస్తాను, అలా రాయడం కూడా కొంత నెమ్మదినిస్తుంది. తర్వాత రేపటి పనులు. అన్నిటికంటే ఆఖరున ఆ రోజు దొరికిన ఒక్క చిన్న మంచి సంగతి. పుస్తకం మూసి బల్ల మీదే వదిలి లేస్తాను. మొత్తం పావుగంట. ఇలా మొదలుపెట్టాక చాలా రాత్రులు 12 దాటిన పది పదిహేను నిమిషాల్లోపు నిద్ర పట్టేస్తోంది. అన్ని రాత్రులూ కాదు, ఫీజు కట్టాల్సిన వారం కాస్త అటూ ఇటూ అయింది.

డైరీతోపాటు ఒక కార్డు వచ్చింది, 4 అంకెలు గాలి పీల్చి, 7 అంకెలు బిగబట్టి, 8 అంకెలు వదలమని. నాకు 7 దగ్గర ఇబ్బందిగా ఉండేది, బిగబట్టడం మానేసి పీల్చినదానికంటే వదిలేది పొడుగ్గా ఉండేలా చూసుకుంటున్నాను, అది హాయిగా ఉంది. అట్ట లోపల క్యూఆర్ కోడ్ ఒకటి ఉంది, స్కాన్ చేస్తే 14 నిమిషాల ఆడియో వస్తుంది. కుడిచేతి బొటనవేలితో మొదలుపెట్టి ఒంట్లో ఒక్కో భాగం మీదకు ధ్యాస తీసుకెళ్తారు. బీహార్‌లో ముంగేర్‌లో స్వామి సత్యానంద సరస్వతి నేర్పిన యోగనిద్ర కూడా కుడిచేతి బొటనవేలితోనే మొదలవుతుంది, ఇది అక్కణ్నుంచి తీసుకున్నదే అనిపించింది. గొంతు మెత్తగా ఉంది, మాటలే కృతకం. “మీ ఎడమ భుజానికి విశ్రాంతిని అనుమతించండి” అంటారు. భుజం వదిలెయ్యండి అంటే సరిపోయేది, మనకు అలాగే అర్థమవుతుంది. ఇంకో పెద్ద చిక్కు, ఫోన్ పక్కన పెట్టడం కోసం కొన్న పుస్తకం రాత్రి 11.30కి ఫోన్ తీయమనడం. మెసేజులు కనబడతాయి, అయిపోయినట్టే. మా అమ్మాయి ఆ ఆడియోను అమ్మ భజనలు వినే మెమరీ కార్డు స్పీకర్లోకి ఎక్కించి ఇచ్చింది. ఫోన్ ఇప్పుడు హాల్లో చార్జింగుకే పరిమితం, అలారానికి మామూలు బల్ల గడియారం పెట్టుకున్నాను.

పేజీలో ఒక పక్కన ఎన్ని గంటలు నిద్రపోయారో గ్రాఫ్ గీయమని ఉంటుంది. నేను గీయడం లేదు, మీరు కూడా గీయకపోవడమే మంచిదంటాను. పది రోజులు గీశాక, ఇవాళ ఆరు దాటాలి అన్న టెన్షన్ పక్క ఎక్కేముందే మొదలైంది. నిద్ర అంకెల వెంటపడి నిద్ర పాడు చేసుకోవడానికి డాక్టర్లు 2017లో ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు, అది చేతి వాచీలు, ట్రాకర్లు వాడేవాళ్ల గురించి, కానీ పెన్సిలు గ్రాఫుతో నాకు జరిగింది కూడా అదే.

ఒక్క సంగతి షాపులో కూర్చునేవాడిగా చెబుతున్నాను, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే అది డైరీతో సరిపెట్టుకునే సంగతి కాదు, డాక్టరుకు చూపించుకోండి. మాత్రలు లేకుండా నిద్ర అలవాట్లు మార్చే సీబీటీ-ఐ అనే పద్ధతి ఉంది, 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ పెద్దవాళ్లలో దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట దాన్నే ప్రయత్నించమని చెప్పింది, దాని గురించి డాక్టరును అడగండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని ఇంట్లోవాళ్లు చెబితే అసలు ఆలస్యం చేయకండి. అలాగే ఇప్పటికే నిద్రమాత్ర వాడుతున్నవాళ్లు డైరీ మొదలుపెట్టామని మాత్రను ఒక్కసారిగా ఆపేయకూడదు, రాసిన డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తారు.

మరీ ఎక్కువగా బాధపడే మనసున్నవాళ్లు, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కుడి పేజీ ప్రశ్నలను రాత్రి ముట్టుకోకపోవడమే మేలు. సాయంత్రం వెలుతురుండగా, ఇంట్లో ఇంకొకరు మెలకువగా ఉన్నప్పుడు రాసుకోండి.

ఐదుకు మార్కులు అడిగితే వస్తువుకు 4, వరుసకు 2 ఇస్తాను. పుస్తకం పోయిన వారమే అయిపోయింది. రెండోది అదే కొనలేదు, కొత్తపేటలోనే స్టేషనరీ షాపులో 70 రూపాయలకు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసుకున్నాను. మా అమ్మాయి స్కేలు పెట్టి ప్రతి పేజీని మూడు భాగాలు చేసి ఇచ్చింది, రేపటి పనులకు సగం పేజీ వదిలింది. మొదటి రాత్రి ఆఖరి భాగంలో, కుర్రాడు తెచ్చిన జామకాయ గురించి రాశాను, వాళ్ల పెరట్లోదట.